మా వాడి కోసం వెళ్తే సగం హోంవర్క్ మాకే ఇచ్చారు

రెండేళ్లు దాటింది మేం ఈ పనిలో పడి. ఈ రెండేళ్లలో మా అబ్బాయి పరీక్షల భయం తగ్గించడం కోసం ఒక వెల్‌నెస్ కోచ్‌కి, ఒక క్లినికల్ సైకాలజిస్ట్‌కి, కొన్నాళ్లు ఒక సైకియాట్రిస్ట్‌కి ఫీజులు కట్టాం. ఎవరి దగ్గర ఏం దొరికిందో, ఏం దొరకలేదో రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మా వాడి సంగతి నలుగురికీ తెలియడం వాడికి ఇష్టం లేదు, పైగా వాళ్లలో ఒకరి గురించి నేను మంచిగా రాయబోవడం లేదు. మేముండేది హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి వైపు.

మా వాడిది ఎంపీసీ, జేఈఈ బ్యాచ్, హాస్టల్. ఇంటర్ ఫస్టియర్‌లో దసరా దాటాక కడుపునొప్పి మొదలైంది. ఆదివారం వీకెండ్ టెస్ట్ ఉందంటే శనివారం రాత్రికి నొప్పి, వాంతి. వార్డెన్ ఫోన్ చేసేవాడు, మేం వెళ్లి తీసుకొచ్చేవాళ్లం. ఇంటికొచ్చిన గంటకి వాడు శుభ్రంగా పప్పన్నం తినేవాడు. స్కానింగ్ నార్మల్, ఎండోస్కోపీ నార్మల్. మా అత్తగారు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. నేనేమీ అనలేదు. తగ్గితే చాలు, దేనితో తగ్గితేనేం అన్నట్టుంది అప్పటికి మా పరిస్థితి. చివరికి కడుపు డాక్టరే, "ఇది టెన్షన్ వల్ల వస్తున్న నొప్పమ్మా. నా మందులతో తగ్గదు, ఎవరైనా సైకాలజిస్ట్‌కి చూపించండి" అన్నారు.

కాలేజీ బ్రోచర్‌లో "స్టూడెంట్ కౌన్సెలర్" అని రాసి ఉంది కదా అని ముందు అక్కడికే వెళ్లాం. తీరా చూస్తే ఆయన లెక్కల లెక్చరర్, నెలకోసారి మోటివేషన్ క్లాస్ తీసుకుంటారట. "అందరూ చదువుతున్నారు కదమ్మా, మీ వాడికే ఎందుకు?" అని నన్నే అడిగారు. మా వాడు ఇంటర్ ముగించాక, 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసు అది. వంద మంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని అందులో చెప్పారు. ఇప్పుడు పిల్లల్ని చేర్పించేవాళ్లు హాస్టల్ మెనూ అడిగినట్టే, కౌన్సెలర్ ఏం చదివారో కూడా అడ్మిషన్ రోజునే అడగండి.

ఇక కోచ్ సంగతి. సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తున్నారని తెలిస్తే చుట్టాలు ఏమనుకుంటారో అని మా ఆయన జంకారు. కోచ్ అయితే ఆ బాధ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి మూడు నెలల ఆన్‌లైన్ ప్యాకేజీ తీసుకున్నాం. వారానికి ఒక వీడియో కాల్, రోజూ వాట్సాప్‌లో పలకరింపు, ఎన్నింటికి లేచాడు, ఏం తిన్నాడు, ఎంతసేపు నడిచాడు అని టిక్ పెట్టే ఒక చార్టు.

ఉన్నమాట చెప్పాలి, మొదట్లో బాగుంది. హాస్టల్ మానిపించి ఇంటికి తెచ్చేశాక వాడు తెల్లవారుజాము దాకా ఫోన్ చూసి మధ్యాహ్నం లేచేవాడు. ఆ నిద్రను దారిలో పెట్టింది ఆ కోచే. ఛార్జర్లన్నీ హాల్లోకి మార్పించింది, వాడివే కాదు, మావి కూడా. ఏ టైముకి పడుకున్నా ఒకే టైముకి లేవాలని పట్టుబట్టింది. ఆ రెండూ మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. చిరాకు పడకుండా, విసుక్కోకుండా మాట్లాడేది, అదీ తక్కువేం కాదు.

కానీ అసలు సమస్య దగ్గరికి వచ్చేసరికి తేలిపోయింది. ఒక టెస్ట్ ముందురోజు వాడికి గుండె దడ, చేతులు చల్లబడడం, ఊపిరాడక బాత్రూంలో కింద కూర్చుండిపోవడం. అది పానిక్ అటాక్ అని మాకు తర్వాత తెలిసింది. కోచ్‌కి చెబితే వాయిస్ మెసేజ్ పంపింది: నెగెటివ్ ఆలోచనల్ని డిలీట్ చెయ్యాలి, పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను గెలుస్తాను" అని పదిసార్లు అనాలి. వాడు అన్నాడు పాపం. మర్నాడూ దడ వచ్చింది. "నేను సరిగ్గా అనలేదేమోనమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. జబ్బుకి తోడు, తగ్గకపోవడం కూడా వాడి తప్పే అయింది. "ఇది నా పరిధిలోది కాదు, ఫలానా వాళ్ల దగ్గరికి వెళ్లండి" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెకు పూర్తి మార్కులు వేసేదాన్ని. ఆ మాట రాలేదు కానీ, తర్వాతి ప్యాకేజీకి ముందుగా కడితే ఇంత తగ్గింపు అన్న మెసేజ్ వచ్చింది.

తర్వాత తెలుసుకున్నాను, మన దేశంలో వెల్‌నెస్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. వారాంతపు కోర్సు చేసినవాళ్లూ కోచే, ఏమీ చేయనివాళ్లూ కోచే. క్లినికల్ సైకాలజిస్ట్ అలా కాదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి. వాళ్లకో నంబరు ఉంటుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసిన డాక్టర్, మందులు రాసేది వాళ్లే. మా సైకాలజిస్ట్ నంబరు రసీదు మీదే అచ్చేసి ఉంది. ఆ నంబరు అడిగితే నొచ్చుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడినుంచి లేచి వచ్చేయడమే.

ఆ సైకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ దొరకడానికే మూడు వారాలు పట్టింది. మొదటిసారి మమ్మల్ని ముగ్గుర్నీ కలిపి కూర్చోబెట్టి, తర్వాత వాడొక్కడితో మాట్లాడారు. మాట్లాడే ముందు నియమాలు చెప్పారు, వాడి ఎదురుగానే. వాడు చెప్పింది మాకు చెప్పరు. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచన ఉన్నా, ఇంకొకరికి హాని చేసే ఆలోచన ఉన్నా, వాడిమీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేశారని తెలిసినా మాత్రం దాచరు. ఆ చివరిది పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలట. మా ఆయన "ఫీజు కట్టేది మేమైతే మాకు చెప్పకపోవడమేంటి మేడం?" అన్నారు. ఆమె నవ్వి, "మీకు చెబుతానని తెలిస్తే మీ అబ్బాయి నాకేం చెబుతాడండీ?" అన్నారు. మా వాడు మొదటిసారి తలెత్తి ఆమె వంక చూశాడు.

నేను తర్వాత కూడా ఒకటి రెండుసార్లు కారిడార్‌లో పట్టుకుని "ఏమన్నాడు మేడం?" అని అడిగాను. "బాగా మాట్లాడుతున్నాడండి" అనే తప్ప ఒక్క ముక్క బయటికి రాలేదు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఈ సమీక్షలో ఆమెకు ఎక్కువ మార్కులు పడేది దానికే.

వైద్యం ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను, ఎందుకంటే "ఊరికే మాట్లాడితే తగ్గుతుందా?" అని అందరూ అడుగుతారు. ఊరికే మాట్లాడటం కాదు. మా వాడికి గుండె దడ అంటేనే భయం. దడ మొదలైతే పోతానేమో అనుకుని ఇంకా దడ పెంచుకుంటాడు. అందుకని ఆమె ఆ దడనే కావాలని తెప్పించారు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మానేసి మెట్లమీద పైదాకా పరుగెత్తాలి, పైన నిలబడి నాడి పట్టుకోవాలి, భయం పదికి ఎంత ఉందో నోట్‌బుక్‌లో రాయాలి. దడ దానంతటదే తగ్గేదాకా కూర్చోకూడదు, నీళ్లు తాగకూడదు, నన్ను పిలవకూడదు. మొదటిరోజు తొమ్మిది అని రాశాడు. చెమటతో అక్షరాలు అలుక్కుపోయాయి. కొన్ని వారాలకి మూడు, రెండు. ఒకరోజు కింది ఫ్లోర్ ఆంటీ "ఏంటి బాబూ, రోజూ పరుగులు, పోలీస్ సెలక్షన్సా?" అని అడిగితే "అవునాంటీ" అన్నాడట. ఇంట్లో ఆ నవ్వు విని చాలాకాలమైంది.

దాంతోపాటు పరీక్షలకూ ఒక వరస వేశారు. ముందు పాత పేపరు ఇంట్లో, తలుపు తీసి రాయడం. తర్వాత గడియారం పెట్టుకుని. తర్వాత లైబ్రరీలో, ఆ తర్వాత ఒక ట్యూషన్ సెంటర్లో పదిమంది మధ్య. ఒక మెట్టు కుదిరేదాకా తర్వాతి మెట్టు లేదు. దీన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారని ఆమె కాగితం మీద రాసి ఇచ్చారు.

ఇక హోంవర్క్ మాకు. నేనైతే ఇది ఊహించలేదు. మా వాడు రోజుకి ఎన్నిసార్లు "అమ్మా, నాకేం కాదు కదా" అని అడుగుతాడో, నేనెన్నిసార్లు "ఏం కాదు నాన్నా" అంటానో వారంపాటు గీతలు పెట్టి లెక్కరాయమన్నారు. పేజీ నిండిపోయింది. నేను అలా చెప్పిన ప్రతిసారీ వాడికి పది నిమిషాలు ఊరట, తర్వాత మళ్లీ అదే ప్రశ్న. కాబట్టి ఆ మాట మానేసి, "నీకు భయంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవనీ తెలుసు" అని ఒక్కసారే చెప్పి నా పని నేను చూసుకోవాలి. చెప్పడం తేలికే. వంటింట్లో పోపు వేస్తూ, వెనక వాడు నిలబడి ఉన్నాడని తెలిసీ తిరగకుండా ఉండటం ఎంత కష్టమో తల్లులకు చెప్పక్కర్లేదు. ఇది ఆమె సొంత చిట్కా కాదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఈలై లెబోవిట్జ్ అనే సైకాలజిస్ట్ అచ్చంగా తల్లిదండ్రులతోనే చేసే ఇలాంటి చికిత్స ఒకటి తయారుచేశారు, స్పేస్ అని దాని పేరు. పిల్లల ఆందోళనకు అది పిల్లలతో చేసే సీబీటీకి తీసిపోకుండా పనిచేస్తుందని వాళ్ల పరిశోధనలో తేలింది.

మా అత్తగారిని కూడా ఒక సెషన్‌కి రమ్మన్నారు. నేను భయపడ్డాను, ఆవిడ ఏమంటారో అని. ఆవిడ వెళ్లి కూర్చుని, "మా మనవడికి పిచ్చేం లేదమ్మా" అని మొదలుపెట్టారు. "లేదండీ, నేనూ అదే అంటున్నాను" అని సైకాలజిస్ట్ ఆవిడ పక్కకు వచ్చి కూర్చున్నారు. తాయెత్తు తీయించమని చెప్పలేదు. పరీక్ష రోజు పొద్దున "ఒంట్లో ఎలా ఉందిరా?" అని అడగడం మానేసి, ఆ టైముకి గుడికి వెళ్లి రమ్మన్నారు. ఆవిడకది నచ్చింది. నచ్చడమేంటి, ఆ ట్రీట్‌మెంట్ తనే చేస్తున్నట్టు చుట్టుపక్కల చెప్పుకున్నారు. వర్క్‌షీట్లన్నీ ఇంగ్లీషులో ఉండటం మాత్రం నాకు నచ్చలేదు. నేను గట్టిగా అడిగాక అత్తగారి కోసం ఒక పేజీ తెలుగులో చేత్తో రాసి ఇచ్చారు.

సైకియాట్రిస్ట్ గురించి తక్కువే చెప్పగలను, ఎందుకంటే ఆయన మాకిచ్చిన టైమే తక్కువ. సెకండియర్ మొదట్లో దడలు మళ్లీ ఎక్కువైతే సైకాలజిస్టే పంపారు. ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ అనే మందు తక్కువ డోసులో మొదలుపెట్టారు. ఇది నిద్రమాత్ర కాదని, పనిచేయడం మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని, తమంతట తాము ఆపకూడదని చెప్పారు. ఈ రకం మందులతో పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం కొద్దిగా ఉంటుంది, కనిపెట్టి ఉండమన్నారు. అమెరికాలో ఇలాంటి మందులకు ఆ హెచ్చరిక 2004లో పిల్లల విషయంలో తప్పనిసరి చేశారు, 2007లో పాతికేళ్ల లోపు వాళ్లకూ పెంచారు. ఒకరాత్రి వాడు మరీ మౌనంగా ఉంటే నేనే భయపడి 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు, ఏం గమనించాలో చెప్పారు. ఫీజులు కట్టలేనివాళ్లు ముందు ఆ నంబరుకే చేయండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఓపీ కూడా ఉంది. ఆ పేరు చెప్పి వెక్కిరించడం మనకు అలవాటు గానీ, అక్కడున్నది స్పెషలిస్ట్ డాక్టర్లే. మా వాడి మందు ఏడాది లోపే మెల్లగా తగ్గించి ఆపేశారు.

డబ్బు సంగతికొస్తే, మా సైకాలజిస్ట్ దగ్గర యాభై నిమిషాల సెషన్‌కి 1,800. మొదట వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకి. మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం అంటుంది. కానీ మా పాలసీ ఆసుపత్రిలో చేరితేనే కడుతుంది, ఓపీకి దేనికీ కట్టదు, కాబట్టి సెషన్లకూ కట్టదు. పైగా ఇరవైనాలుగు గంటల ముందు చెప్పకుండా మానేస్తే ఫీజు మొత్తం పోతుంది. వానాకాలంలో జేఎన్‌టీయూ జంక్షన్ దాటడానికే గంట పట్టిన రోజు కూడా మినహాయింపు లేదు. సాయంత్రం స్లాట్లు దొరకవు. ఈ మూడింటికీ కలిపి ఒక స్టార్ తీసేస్తాను.

చిత్రమేంటంటే అదే క్లినిక్‌లో ఒక వెల్‌నెస్ కోచ్ కూడా ఉంది. సైకాలజిస్ట్ రాసిచ్చిన ప్లాన్ ప్రకారం నిద్ర, వ్యాయామం చూసేది అంతే. దడ గురించి మా వాడు ఎత్తితే "అది మేడంతో మాట్లాడు" అనేది. సెషన్‌కి అయిదువందలే. ఆ పద్ధతిలో అయితే కోచ్ మీద నాకే అభ్యంతరమూ లేదు. పాత కోచ్‌కి రెండు స్టార్లు, అవీ ఛార్జర్ల పుణ్యమే.

మా వాడు డే స్కాలర్‌గా ఇంటర్ పూర్తిచేశాడు. జేఈఈ మెయిన్ ఒకసారి రాశాడు, హాల్లో చివరిదాకా కూర్చున్నాడు, ర్యాంకు రాలేదు. ఈఏపీసెట్‌తో ఊళ్లోనే ఇంజనీరింగ్‌లో చేరాడు. దడ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, సెమిస్టర్ పరీక్షల ముందు మెట్లెక్కడం వినిపిస్తుంది నాకు.

మొన్న వాడికి పద్దెనిమిది నిండాయి. కన్సెంట్ ఫారం కొత్తగా నింపించారు, ఈసారి సంతకం వాడిదే. నేను ఫోన్ చేస్తే మేడం నాకేమైనా చెప్పాలన్నా ఇకమీదట వాడి అనుమతి ఉండాలట. ఫ్యామిలీ సెషన్లు కొనసాగించాలా అని మేడం వాడినే అడిగారు. "మూడు నెలలకొకటి చాలు మేడం, అమ్మ బాగానే ఇంప్రూవ్ అయింది" అన్నాడు.