సస్పెన్స్ ఖాతా తెలియని అకౌంటెంట్: మా సీఏ ఆఫీసులో ఏఐ టూల్ రివ్యూ

కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివి మార్కెట్‌లో ఇప్పుడు బోలెడున్నాయి, చేసే పని దాదాపు ఒకటే, డెమోలో చెప్పే మాటలూ అవే. బిల్లు ఫొటో గానీ పీడీఎఫ్ గానీ అప్‌లోడ్ చేస్తే తనే చదివి, ఏ లెడ్జర్‌లో (ఖాతాలో) వేయాలో తనే ఎంచుకుని, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ వేసేస్తుంది. మాది హిమాయత్‌నగర్‌లో చిన్న సీఏ ఆఫీసు. పార్టీల్లో, అంటే క్లయింట్లలో, ఎక్కువమంది బేగంబజార్, రాణీగంజ్, ట్రూప్ బజార్ వ్యాపారులు, బాలానగర్‌లో కొన్ని చిన్న ఫ్యాక్టరీలు. సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నది మా సార్, రోజంతా దాని ముందు కూర్చునేది నేను, కాబట్టి రివ్యూ నేనే రాస్తున్నా. అయిదుకి మూడున్నర.

ముందు బ్యాంక్ స్టేట్‌మెంట్ల సంగతి చెప్తా, ఎందుకంటే అక్కడ మాత్రం వంక పెట్టడానికి ఏమీ లేదు. హోల్‌సేల్ కిరాణా షాపు కరెంట్ అకౌంట్ ఎలా ఉంటుందో ఈ పని చేసినవాళ్లకే తెలుసు: పేజీలకు పేజీలు యూపీఐ ఎంట్రీలు, లైన్‌కో సగం తెగిపోయిన పేరు, దాని పక్కన బారెడు నంబరు. ఇదివరకు ఆర్టికల్స్‌లో (సీఏ చదువుతూ ఆఫీసులో శిక్షణ తీసుకునే పిల్లల్లో) ఒకరు స్టేట్‌మెంట్ చదువుతుంటే ఇంకొకరు కొట్టేవాళ్లు, సాయంత్రానికి ఇద్దరికీ తలనొప్పి. ఇప్పుడు టీ తాగొచ్చేసరికి అయిపోతోంది. మొదటి నెల మనం సరిదిద్దినవన్నీ గుర్తుపెట్టుకుని తర్వాత నెల నుంచి అవే లెడ్జర్లలో వేస్తుంది, క్లోజింగ్ బ్యాలెన్స్ పైసలతో సహా కలుస్తుంది.

2బీ మ్యాచింగ్ కూడా అంతే. 2బీ అంటే సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ మనకిచ్చే లిస్టు. సప్లయర్ తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో బిల్లు చూపించి, అది మన 2బీలో కనబడితే తప్ప ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) తీసుకోలేం కదా. 2బీ వచ్చేది 14న, పన్ను కట్టే రిటర్న్ 3బీ వేయాల్సింది 20లోపు. ఈ మధ్యలోనే పార్టీలందరివీ కలపాలి. సప్లయర్ ఏమో బిల్లు నంబరుని ముందు నాలుగు సున్నాలు, వెనక సంవత్సరం పెట్టి చూపిస్తాడు, మన పార్టీ గుమాస్తా 45 అని మాత్రం రాసుకుంటాడు, ఎక్సెల్‌లో వీలుకప్ (రెండు లిస్టులు పోల్చి చూసే ఫార్ములా) పెడితే రెండూ కలిసి చావవు. ఈ టూల్ తేదీ, మొత్తం, జీఎస్టీ నంబరు మూడూ చూసి ఇది అదే అయ్యుంటుందని పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. జీఎస్టీ నంబరులో పదిహేనోది చెక్ డిజిట్ కాబట్టి ఒక్క అక్షరం తప్పు చదివినా అక్కడికక్కడే పట్టేస్తుంది. విజయవాడ సప్లయర్ నంబరు మొదట్లో ఉన్న 37ని 36గా చదివి, వెంటనే తనే ఎర్రగా చూపించడం నేను కళ్లారా చూశా. ఆ మూడున్నరలో రెండున్నర ఈ రెండు పనులకే.

బిల్లుల దగ్గరికొస్తే కంప్యూటర్ బిల్లు అయితే బ్రహ్మాండం. చేత్తో రాసిన కార్బన్ కాపీ అయితే ఒకటికీ ఏడుకీ తేడా తెలియదు, మీద గోడౌన్ స్టాంపు పడితే ఇక దేవుడే దిక్కు. పెట్రోల్ బంకు బిల్లులు మనకే కనబడవు, దాన్ని అనడం అన్యాయం.

అసలు గొడవ చదవడంలో కాదు. దీనికి 'తెలియదు' అని చెప్పడం చేతకాదు.

మా ఆఫీసులో ఒక పెద్ద అకౌంటెంట్ గారున్నారు, టాలీ డాస్‌లో నడిచిన రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నారు. ఏదైనా అర్థం కాని రసీదు వస్తే సస్పెన్స్‌లో, అంటే లెక్క తేలేదాకా ఉంచే తాత్కాలిక ఖాతాలో వేస్తారు, ప్రింటవుట్ మీద పెన్సిల్‌తో సున్నా చుడతారు, పార్టీకి ఫోన్ చేస్తారు. టూల్ అలా కాదు, ప్రతిదానికీ ఏదో ఒక లెడ్జర్ చూపించాల్సిందే. ఒక షాపు అకౌంట్‌లో రెండు లక్షలు వచ్చి పడితే వెనకాముందూ చూడకుండా సేల్స్‌లో వేసింది, పైగా నమ్మకం ఎక్కువ ఉన్నప్పుడు చూపించే ఆకుపచ్చ టిక్కు పెట్టి మరీ. మా అకౌంటెంట్ గారు ఆ లైన్ దగ్గర ఆగి షాపు యజమానికి ఫోన్ చేశారు. "అన్నా, పోయిన నెల రెండు లక్షలొచ్చినయ్, ఎవరివి?" అంటే, "మా బామ్మర్ది చేబదులు ఇచ్చిండు సార్, తిరిగిచ్చేసిన కూడా" అన్నాడు. అదే టూల్ మాట విని ఉంటే చేబదులు కాస్తా టర్నోవర్ అయ్యేది, దాని మీద జీఎస్టీ ఎందుకు కట్టలేదని రేపు నోటీసు వస్తే జవాబు చెప్పాల్సింది మేమే.

ఇంకో పార్టీ షాపుకి కొత్త ఏసీ కొన్నాడు. ఆ డీలర్ దగ్గరే ఎప్పుడూ సర్వీసింగ్ చేయిస్తాడు కాబట్టి ఆస్తిగా చూపించాల్సిన ఏసీ ఖరీదు మొత్తం రిపేర్ల ఖర్చులో వేసేసింది. స్టాఫ్‌కి తెప్పించిన బిర్యానీ బిల్లులో జీఎస్టీ కనబడగానే ఇన్‌పుట్ క్రెడిట్ తీసేసుకుంది. తిండి మీద క్రెడిట్‌కి జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అడ్డం అని మా ఆర్టికల్స్‌కి మొదటి వారంలోనే చెప్తాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, బిల్లులో 18 అని స్పష్టంగా ఉన్నా పాత అలవాటు కొద్దీ '28% కొనుగోళ్లు' లెడ్జర్‌లోనే వేస్తూ పోయింది. గుర్తుపెట్టుకునే గుణం బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గర ఎంత మేలు చేసిందో ఇక్కడ అంత కీడు చేసింది.

నోటీసులకు జవాబు రాసే చాట్ కూడా ఇందులోనే ఉంది. భాష చాలా బాగుంటుంది, మా సార్ రాసేదానికంటే మర్యాదగా ఉంటుంది (ఇది ఆయన చదవరని నమ్మకం). కానీ 2024-25కి సంబంధించిన పన్ను డిమాండ్‌కి జీఎస్టీ చట్టం సెక్షన్ 73 అంటూ మూడు పేరాలు రాసింది. ఆ సంవత్సరం నుంచి వర్తించేది 74ఏ. ఆస్ట్రేలియాలో డెలాయిట్ అంతటి పెద్ద ఆడిట్, కన్సల్టింగ్ సంస్థే అక్కడి ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్టులో ఏఐ వల్ల లేని పరిశోధనల పేర్లు దొర్లితే 2025లో కొంత ఫీజు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఈ చాట్‌ని ఇంగ్లీషు దిద్దుకోవడానికి వాడండి, సెక్షన్లు మాత్రం చట్టం తెరిచి చూసుకోండి.

పని తగ్గిందా అని అందరూ అడుగుతున్నారు. కొట్టే పని తగ్గింది, చూసే పని పెరిగింది. మాలో ఎవరి ఉద్యోగమూ పోలేదు గానీ, టాక్స్ ఆడిట్ సీజన్‌లో డేటా ఎంట్రీకి వచ్చే అబ్బాయిని ఈసారి పిలవలేదు, అదీ నిజమే. నాకు ఎక్కువ టెన్షన్ ఆర్టికల్స్ గురించి. ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది, ఆ రెండేళ్లలో వోచర్లు తిరగేస్తేనే ఏ ఖర్చు ఎక్కడికి పోతుందో తెలిసేది. "అక్కా, గ్రీన్‌లో ఉంది కదా, మళ్లీ చూడాలా?" అని అడుగుతోంది కొత్తగా చేరిన అమ్మాయి. గ్రీన్‌లో ఉన్నవే ముందు చూడమన్నా. నమ్మకం తక్కువని టూలే చెప్పే పసుపు రంగువి ఎలాగూ అందరూ చూస్తారు.

కొనేవాళ్లకి ఇంకొన్ని. టూల్ ఏ లాగిన్‌తో టాలీకి కనెక్ట్ అయితే ఎంట్రీలన్నీ ఆ పేరు మీదే పడతాయి. కంపెనీలకు 2023 ఏప్రిల్ నుంచి ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీ ఎవరు, ఎప్పుడు వేశారో, మార్చారో చూపించే రికార్డు) తప్పనిసరి కాబట్టి దానికి వేరే యూజర్ పెట్టండి, లేకపోతే అర్ధరాత్రి రెండింటికి వందల ఎంట్రీలు మీరే వేసినట్టు ఉంటుంది. పార్టీల బ్యాంక్ స్టేట్‌మెంట్లు బయటి సర్వర్‌కి వెళ్తున్నాయి కాబట్టి వాళ్ల దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి, అనుమతి లేకుండా క్లయింట్ సమాచారం బయటపెట్టడం సీఏ చట్టం ప్రకారమే తప్పు. సపోర్ట్‌కి ఫోన్ నంబరు లేదు, చాట్‌లో అడిగితే అక్కడా ఇంకో ఏఐ వచ్చి సారీ చెప్తుంది.

రేటు పేజీల లెక్కన ఉంటుంది, వాడని పేజీలు నెలాఖరుకి పోతాయి. మా పని మొత్తం నెలలో రెండో, మూడో వారాల్లోనే ఉంటుంది, ఇక సెప్టెంబరులో పేజీలు చాలవు, మేలో మిగిలిపోతాయి. మిగిలినవి పై నెలకి కలిపితేనే రెన్యూవల్ అని సార్ మెయిల్ పెట్టారు. జవాబు ఇంకా రాలేదు.