ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఇడియమ్ డిక్షనరీలు: 'టో ద లైన్' దగ్గర తేలిపోయే నాణ్యత

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాలదే. నవలలు, ఇంజనీరింగ్ గైడ్లు, పాత మేగజైన్ల కుప్పల్లో ఎక్కడో ఒకచోట ఇంగ్లిష్ ఇడియమ్ డిక్షనరీ తగులుతుంది. మిగతా రోజుల్లో వెతకాలంటే కోఠిలో పాత పుస్తకాల దుకాణాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌కు చదివేవాళ్లు, పిల్లల కోసం కొనే తల్లిదండ్రులు అట్ట మీద ఎన్ని వేల ఇడియమ్స్ అని వేశారో చూసి కొనేస్తుంటారు. ఆ అంకెతో పనిలేదు. లోపల ఒక్క నుడికారం తీసి చూస్తే చాలు: టో ద లైన్.

ఇదే ఎందుకంటే, దీంట్లో మూడు చోట్ల జారిపడే వీలుంది.

మొదటిది స్పెల్లింగ్. ఇక్కడ టో అంటే కాలివేలు: టీ, ఓ, ఈ. నేలమీద గీసిన గీతకు కాలివేళ్లు ఆనించి, నిలబడమన్నచోట నిలబడటం. అచ్చం ఇలాగే పలికే మాట ఇంకోటి ఉంది: టీ, ఓ, డబ్ల్యూ. దానర్థం కట్టి లాక్కెళ్లడం. నో పార్కింగ్‌లో పెట్టిన బండిని ట్రాఫిక్ పోలీసులు తీసుకుపోయే టోయింగ్ ఇదే. నగరంలో బండి నడిపేవాళ్లకు కాలివేలి టో కన్నా ఈ టోతోనే పరిచయం ఎక్కువ, చెయ్యి అటే పోతుంది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో రాసినప్పుడే గుట్టు రట్టవుతుంది. మామూలు స్పెల్‌చెక్ కాపాడదు, డబ్ల్యూ మాట కూడా అసలైన మాటే కాబట్టి కింద ఎర్ర గీత పడదు. మంచి డిక్షనరీ అయితే 'డబ్ల్యూతో రాయకండి' అని అక్కడే ఒక ముక్క హెచ్చరిస్తుంది. ఆ ముక్క కనిపించిన పుస్తకాన్ని చేతిలోంచి వదలొద్దు.

రెండోది అర్థం. నాసిరకం పుస్తకాలన్నీ బోల్తా పడేది ఇక్కడే. 'నియమాలు పాటించు' అని రెండు మాటల్లో తేల్చేస్తాయి. అది తప్పు కాదు, సగమే. ఎర్రలైటు పడితే ఆగే మనిషి గురించి ఎవరూ టో ద లైన్ అనరు. పైన ఒక అధికారం ఉండాలి, ఆ అధికారం గీత గీసి ఉండాలి, మనసులో ఇష్టం లేకపోయినా మనిషి దానికి లోబడాలి. ఎక్కువ సందర్భాల్లో ఈ అయిష్టం వాసన ఉంటుంది. మన రాజకీయ వార్తల్లోంచే దీనికి చక్కని ఉదాహరణ దొరుకుతుంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ విప్‌ను, అంటే ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసిన శాసనసభ్యుడు అనర్హుడు కావచ్చు. లోపల ఎంత రుసరుసలాడినా విప్ చెప్పినట్టే చెయ్యెత్తే సభ్యుడు టో చేస్తున్నది పార్టీ లైన్‌ని. డిక్షనరీలో ఇచ్చిన వాక్యం ఇలాంటిదై ఉండాలి. 'రాము రోజూ టో ద లైన్ చేస్తాడు' లాంటి వాక్యం ఉంటే పుస్తకం మూసేయండి.

తెలుగు అర్థం కూడా ఇచ్చే పుస్తకమైతే ఇంకో చూపు చూడాలి. 'గీత దాటకుండా నడుచుకొను', 'మాట జవదాటకుండు' అని ఉంటే రాసినవాళ్లకు రెండు భాషలూ తెలుసు. 'గీత గీయు' అని ఉంటే అది ఊహించి రాసిన అర్థం. 'అడుగులకు మడుగులొత్తు' కూడా కుదరదు, అందులో సేవకభావం మరీ ఎక్కువ. పక్కనే 'బై ద బుక్' ఎలా ఇచ్చారో చూడండి. అది పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా పాటించడం గురించి, లొంగడం గురించి కాదు. రెంటికీ ఒకే అర్థం అతికించిన పుస్తకం పరీక్షలో దగ్గర దగ్గర ఆప్షన్లు వచ్చినప్పుడు ముంచుతుంది.

మూడోది వెతుకులాట. కొన్ని పుస్తకాలు దీన్ని టో కింద పెడతాయి, కొన్ని లైన్ కింద. రెండుచోట్లా వెతకండి. ఒకచోట అర్థం, రెండోచోట 'అక్కడ చూడండి' అన్న సూచన ఉంటే ఆ పుస్తకాన్ని శ్రద్ధగా కూర్చినట్టు. టో కింద క్రియారూపాలు కూడా ఉండాలి. ఐఎన్‌జీ చేర్చినా చివరి 'ఈ' అక్షరం పోదు: టీ, ఓ, ఈ, ఆ తర్వాత ఐఎన్‌జీ. 'ఈ' తీసేసి రాస్తే అది 'టోయింగ్ అండ్ ఫ్రోయింగ్'లోని మాట అయిపోతుంది, దానర్థం అటూ ఇటూ తిరగడం.

పుట్టుక కథలు చెప్పే లావుపాటి గట్టి అట్ట పుస్తకాలూ ఈ ఫుట్‌పాత్ మీద దొరుకుతాయి, చదవడానికి సరదాగానే ఉంటాయి. బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ తివాచీ మీద రెండు కత్తుల దూరంలో ఎర్ర గీతలుంటాయని, ఈ మాట అక్కణ్నుంచే పుట్టిందని ఏ పుస్తకమైనా ఢంకా బజాయించి చెబితే అనుమానించండి. గీతలు నిజమే, ఈ మాటకు పుట్టిల్లు అదేననడానికి ఆధారం లేదు. పరుగుపందెం మొదలయ్యే గీత దగ్గర, ఓడ డెక్ చెక్కల అతుకుల వెంట వరుసగా కాలివేళ్లు పెట్టి నిలబెట్టడం లాంటి వివరణలు ఇచ్చి, పాతరూపం 'టో ద మార్క్' కూడా ఉందని చెప్పే పుస్తకం నమ్మదగినది.

అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ సెంటర్లలో దొరికే స్పైరల్ బుక్‌లెట్లు పాత ప్రశ్నలు తిప్పడానికి పనికొస్తాయి, అంతకుమించి ఆశపడొద్దు. చెవికి విని టైప్ చేసినచోట డబ్ల్యూ దూరుతుంది. కాపీకి కాపీ తీసి అక్షరాలు విరిగినచోట ఏది ఏమిటో తెలియదు.

ఇడియమ్స్ మాత్రమే ఉన్న పుస్తకం కన్నా, విదేశీ విద్యార్థుల కోసం తయారుచేసిన లెర్నర్స్ డిక్షనరీ పాతదైనా సరే మేలు. ఉచ్చారణ, క్రియారూపాలు, ఉదాహరణ వాక్యం ఒకేచోట ఉంటాయి. అక్కడ 'ఎడిషన్' ఏ సంవత్సరమో చూడండి, 'ఇంప్రెషన్' కాదు. ఇంప్రెషన్ అంటే అదే సరుకును మళ్లీ అచ్చేయడం.

బేరానికి ముందు పుస్తకాన్ని నడుమ దగ్గర పూర్తిగా విప్పండి. జిగురు బైండింగ్ ఎండితే కాగితాలు విడిగా ఊడొస్తాయి. మొదట నలిగేవి 'ఏ' అక్షరం పేజీలు, చివరి పేజీలు. టీ అక్షరం చివరి వైపే ఉంటుంది కాబట్టి టో వెతికే వంకతో అక్కడి పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో చూసినట్టూ అవుతుంది. పల్చటి కాగితం మీద వెనకవైపు అచ్చు కనిపిస్తూ, అక్షరాలు మసకగా ఉంటే అది దొంగ ముద్రణ కావచ్చు. దానికి ముద్రించిన ధరలో సగం ఇచ్చినా దండగే. వానాకాలంలోనైతే అంచులు అలలు తిరిగిన పుస్తకాన్ని వాసన చూసి పక్కన పెట్టేయండి, బూజు పక్క పుస్తకాలకూ పాకుతుంది.