మహబూబ్‌నగర్‌ల తిండి: మెడికల్ షాపు పిల్లగాడు చూపెట్టిన రొట్టెల బండి

మాది నల్గొండ. నేను మందుల కంపెనీల చేస్త, మెడికల్ రెప్‌ని, నెలకు పది పన్నెండు రోజులు బయటి ఊర్ల తిండే. మొన్న దసరా అయినంక మహబూబ్‌నగర్ ఏరియా కూడా నా నెత్తినే పెట్టిండ్రు, ఇగ చేసేదేముంది, కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బైకు మీద పోయి గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు ఉన్న. ఈ నాలుగు రోజుల్ల ఏం తిన్న, ఏడ తిన్న, ఏడ మోసపోయిన అంతా రాస్తున్న, పాలమూరు పోయేటోళ్లకు పనికొస్తది.

ఫస్ట్ మోసపోయిన కథ. లాడ్జిల బ్యాగు పడేసి ఫోన్ల చూసిన, దగ్గర్లనే ఒక ఏసీ రెస్టారెంట్, 4.3 స్టార్లు, వందల రివ్యూలు, ఫోటోల్ల బిర్యానీ మెరిసిపోతుంది. పేరు వద్దులే. మెనూ కార్డు పెండ్లి ఆల్బం అంత మందం ఉంది, అండ్ల చైనీస్ ఉంది, తందూరీ ఉంది, కుండ బిర్యానీ ఉంది, ఐస్‌క్రీం ఉంది, పాలమూరుది అన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. మటన్ బిర్యానీ చెప్పిన, 380 రూపాయలు. అన్నం వేడిగనే ఉంది, లోపల ముక్క మాత్రం సల్లగ ఉంది. అంటే ముక్క పొద్దటిది, అన్నం ఇప్పటిది, రెండిటికి ప్లేట్లనే పరిచయం చేసిండ్రు అన్నట్టు. రాత్రి పన్నెండుకు లేచి బ్యాగుల శాంపిల్ గ్యాస్ గోలీ నేనే వేసుకున్న, కంపెనీకి చెప్పకుండ్రి.

తెల్లారి ఒక డాక్టర్ కోసం వెయిటింగ్, కింద మెడికల్ షాపుల నిలబడి ముచ్చట పెడుతున్న. కౌంటర్ల ఒక పిల్లగాడు, ఇరవై రెండు ఇరవై మూడు ఉంటయ్. రాత్రి ఫలానా దాంట్ల తిన్న తమ్మీ అని చెప్పిన. వాడు నవ్వు ఆపుకోలేక "అండ్లకెందుకు పోయిండ్రు సార్, ఆ హోటల్‌తోని మాకు మస్తు గిరాకీ" అన్నడు. నాకు ఒక్క నిమిషం అర్థం కాలే. అర్థమైనంక ఇద్దరం నవ్వినం.

తిండి ఏడ మంచిదో మెడికల్ షాపుల అడగాలె అన్న ఆలోచన ఇన్నేండ్లు ఊర్లు తిరిగిన నాకు ఎందుకు రాలేదో. ఆటో ఆయనను అడిగితే మన ఇన్‌షర్టు చూసి పెద్ద హోటల్‌కు తీస్కపోతడు, ఆయన మాత్రం ఏడనో తింటడు. లాడ్జి మేనేజర్‌ను అడిగితే కింద ఉన్న వాళ్ల బావమరిది హోటలే బెస్ట్ అంటడు. మెడికల్ షాపోడు అట్ల కాదు, పొద్దున తొమ్మిదికి నిలబడితే రాత్రి పది దాకా నిలబడే ఉంటడు, టిఫిన్ చాయ్ అన్నీ బయటనే, జీతం చిన్నది కాబట్టి ఎక్కువ పెట్టలేడు. పైగా ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కోసం, మోషన్స్ గోలీ కోసం వచ్చేటోళ్లు ఏడ తిని వస్తున్నరో ఊర్ల వానికి తెలిసినంత ఎవ్వనికి తెల్వదు. మరి నువ్వు రాత్రి ఏడ తింటవ్ తమ్మీ అని అడిగితే "ఏడున్నరకు రండి సార్, తోల్కపోత, ఎనిమిది అయితే అయిపోతయ్" అన్నడు.

క్లాక్ టవర్ దాటి న్యూటౌన్ దిక్కు పోయే తొవ్వల ఒక వేపచెట్టు కింద బండి. బోర్డు లేదు, ఫోన్ల వెతికితే దొరకదు. వాసన కంటే ముందు సప్పుడు వచ్చింది, టప్ టప్ టప్ అని. అత్త కోడలు ఇద్దరు, రెండు కట్టెల పొయ్యిలు, పక్కన జొన్న పిండి డబ్బా. మహబూబ్‌నగర్‌ల పొద్దుగూకినంక ఇసొంటి రొట్టెల బండ్లు రోడ్డు పొంటి చానా కనబడతయ్, అన్నీ ఒక్క తీరు ఉండవ్, అందుకే ఇది జర వివరంగ చెప్త.

కోడలు పిండిల మసిలే ఎసరు పోసి గరిటెతోని కలిపి, చేతికి తట్టుకునేంత సల్లారినంక పీట మీద ఏసి అరచేతి మొదలుతోని ఒత్తి ఒత్తి పిసుకుతుంది. జొన్న పిండికి గోధుమ పిండి లెక్క సాగుడు ఉండదు, ఉడుకు నీళ్లు పడితెనే జిగట పుడతది, సల్ల నీళ్లతోని కలిపితే కొట్టంగనే అంచులు పగులుతయ్. ముద్ద చేసి కింద ఇంత పొడి పిండి చల్లి అరచేతితోని కొట్టుకుంట తిప్పుతుంటే రొట్టె దానంతట అదే గుండ్రంగ తిరుగుతున్నట్టు ఉంటది, కర్ర లేదు, చపాతీ మిషిన్ లేదు. పెంక మీద ఏసినంక పైన తడి గుడ్డతోని ఒక్కసారి రుద్దుతది, ఆ పొడి పిండి పోవాలె, లేకపోతే మాడి చేదు తగులుతది. తిరగేసి, ఆఖరికి పెంక తీసి నిప్పుల పక్కన నిలబెడితే పొట్ట ఉబ్బినట్టు ఉబ్బుతది. నేను లెక్క పెట్టిన, ఉబ్బని రొట్టె ఆమె గిరాకీకి ఇయ్యలే, పక్కన పెట్టింది. అవి ఏం చేస్తరక్కా అంటే "మేం తింటం అన్నా" అన్నది.

ముసలమ్మ కూరల దగ్గర కూసుంటది. పుంటికూర పప్పు, పండుమిర్చి తొక్కు, పల్లి చట్నీ, చికెన్, శుక్రవారం ఆదివారం బోటి. మేం పోయింది శుక్రవారం, బోటి దొరికింది. రొట్టె 20, బోటి 70, నేను మూడు రొట్టెలు తిన్న, 130 అయింది, తొక్కు, ఉల్లిగడ్డ అడిగినన్ని సార్లు ఏసింది. బోటి మంచిగ కడిగిండ్రు, వాసన లేదు, ముక్క రబ్బరు లెక్క సాగలే. అసలు స్టారు మాత్రం పండుమిర్చి తొక్కు, ఎల్లిపాయ దండిగ, పుల్లగ, కారం నెత్తికెక్కుతది. నేను నల్గొండోన్ని, కారం నాకు కొత్త కాదు, అయినా రెండో రొట్టెకు కండ్ల నీళ్లు కారినయ్, ముసలమ్మ చూసి "ఇంత పల్లి చట్నీ కలుపుకో కొడుకా, తగ్గుతది" అన్నది. నిజంగనే తగ్గింది. పాలమూరు దిక్కు పల్లికాయ బాగ పండుతది కదా, చట్నీల పల్లీలకు పిసినారితనం చెయ్యలే, హోటళ్లల్ల లెక్క పుట్నాలు కలిపి ఎక్కిచ్చుడు లేదు.

మైనస్‌లు కూడా చెప్పాలె. కూసోనీకె ఒక్క బల్ల, నలుగురు పడతరు, మిగితా అంత నిలబడుడే. పొగ సీదా మొఖానికి కొడతది, నా తెల్ల షర్టు తెల్లారి డాక్టర్ దగ్గర కట్టెల వాసన కొట్టింది. నీళ్లు డ్రమ్ముల నుంచి ఇస్తరు, నేను బాటిల్ కొనుక్కున్న. చికెన్‌ల నూనె ఎక్కువ, ఇంకోసారి తినను. శనివారం ఎనిమిది పదికి పోయిన, పిండి డబ్బా కడుగుతున్నరు, రొట్టెలు ఖతం, ఇగ ఆ రాత్రి అరటిపండ్లు తిని పన్న. ఫోన్‌పే ఉంది కానీ నెట్ ఆడదు, చేతిల పైసలు పెట్టుకొని పోండ్రి.

పొద్దుటి సంగతి కూడా పిల్లగాన్నే అడిగిన. ఆ ఊర్లనే పాత బస్తీ దిక్కు ఒక ఇరానీ హోటల్‌కు పంపిండు, ఖిచిడీ ఖట్టా, మీద ఖీమా. పసుపుపచ్చ ఖిచిడీ పొడిపొడిగ ఉంది, ఖట్టా నువ్వులు చింతపండుతోని జర చిక్కగ, పచ్చిపులుసుకు పట్నం చుట్టం అన్నట్టు. ఎనిమిదిన్నర లోపల పోతె మంచిది, తర్వాత ఖీమా అడుగుది వస్తది. చాయ్ మాత్రం మామూలే, దాని గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఇడ్లీ దోశల సెంటర్లు కూడా ఉన్నయ్, ఒక దాంట్ల తిన్న, ఏ ఊర్లనన్నా ఉండేటియే.

ఆదివారం డాక్టర్లు ఉండరు కాబట్టి పిల్లగాడు, వాని దోస్తు, నేను రెండు బండ్ల మీద దేవరకద్ర, ఆత్మకూర్ మీదుగా జూరాలకు పోయినం. కృష్ణ మీద ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు, డ్యాం మీది కెల్లే రోడ్డు, అటు దాటితే గద్వాల. 2016ల జిల్లాను ముక్కలు చేసి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వేరు చేసిండ్రు, 2019ల నారాయణపేట కూడా పోయింది, కానీ "మీది ఏ ఊరు" అంటే ఇప్పటికీ పాలమూరు అనేటోళ్లే ఎక్కువ. తిండి మాత్రం నది దాటంగనే మారింది. గద్వాల అంటే నడిగడ్డ, కృష్ణకు తుంగభద్రకు నడుమ, కర్నూలు గాలి బాగ తగులుతది, మనం మురుమురాలు అనేటియి ఆడ బొరుగులు, పొద్దున టిఫిన్ ఉగ్గాని బజ్జి. బొరుగులు నీళ్లల్ల ముంచి పిండి, ఉల్లిగడ్డ పచ్చిమిర్చి పోపుల ఏసి, పుట్నాల పొడి చల్లి ఇచ్చిండు, పక్కన మిరపకాయ బజ్జీలు. తేలిగ్గ ఉంటది అనుకొని రెండు ప్లేట్లు తిన్న, ఆ తప్పు మీరు చెయ్యకుండ్రి, పదకొండున్నరకు చేపల ముంగట కూసున్నప్పుడు బాధపడ్డ.

డ్యాం దగ్గర చేపల గుడిసెలు వరుసగ ఉంటయ్. చేప మనమే చూపెట్టాలె, తూకం ఏస్తరు, కోసి మసాలా పట్టిచ్చి పెద్ద మూకుడుల కాల్చి ఇస్తరు. ఈడ ఒక పంచాయితీ అయింది. మేం రవ్వ చేప కిలోన్నర చూపెట్టినం, ప్లేట్లకు వచ్చేసరికి ముక్కలు తక్కువ అనిపించినయ్, పిల్లగాని దోస్తు లొల్లి పెట్టిండు. గుడిసె ఆయన చెప్పింది కూడా కరెక్టే, తూకం పొలుసు, తలకాయ, పేగులతోని, కోసినంక తగ్గుతది. కానీ తలకాయ ఏమైంది అంటే జవాబు లేదు. కాబట్టి రేటు ముందుగాల మాట్లాడుకోవాలె, కాల్చుడు కూలీ అండ్లనే ఉందా వేరేనా అడగాలె, తలకాయ కావాలంటే కోసేటప్పుడు పక్కన నిలబడాలె. రుచికి వంక పెట్టేది లేదు, పైన కరకర, లోపల తెల్లగ పొరలు పొరలుగ ఊడి వస్తది, మట్టి వాసన లేదు. కొర్రమట్ట కూడా ఉండే కానీ రేటు ఇని ఊకున్నం. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే జనం, దుమ్ము, కార్ల హారన్లు, ఆదివారం తప్పించుకోగలిగితే తప్పించుకోండ్రి.

వాపస్ వచ్చి ఆ సాయంత్రం ఇంటికి పోయే ముందు బండి కాడికి ఆరున్నరకే పోయి పది రొట్టెలు కట్టుమన్న. "పది ఇస్తే ఈడ నిలబడ్డోళ్లు ఏం తినాలె, నాలుగు తీస్కపో" అన్నది ముసలమ్మ. పైసలిస్తమన్నా ఇనలే. నాలుగే పాత పేపర్ల చుట్టి, తొక్కు కవర్ల కట్టి ఇచ్చింది. జడ్చర్ల కాడ ఒక బుట్టెడు బాలానగర్ సీతాఫలాలు కూడ తీసుకున్న.

నల్గొండ చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. పొద్దున చూస్తే రొట్టెలు గట్టిబడ్డయ్, నా పెండ్లాం పారేద్దామన్నది. మా అమ్మ తీసుకొని ఇరిచి పాలల్ల బెల్లంతోని నానేసింది, ఒక ముక్క నోట్లె ఏసుకొని జరసేపు నమిలి "పిండి కొత్తది, మర ఆడిచ్చి నాలుగు రోజులు కూడ కాలే" అన్నది. పిండి పాతదైతే రొట్టె ఇరిగిపోతదని, చేదు వస్తదని ఆమెకు తెలుసు, చిన్నప్పుడు ఇంట్ల ఇదే తిండి. ఇంకేం అనలే. నాలుగుల మూడు ఆమెనే తిన్నది.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, మంగళవారం బండి పెట్టరు. వేపచెట్టు దొరకకపోతే ఆ తొవ్వల ఏదన్నా మెడికల్ షాపుల అడుగుండ్రి.