ఆ ఫ్లోరెన్స్ మినియేచర్ల సెల్లర్ దగ్గర కొనకండి

మినియేచర్లంటే అరచేతిలో పట్టే చిన్న బొమ్మలు, వాటిని ఆన్‌లైన్‌లో అమ్మే సెల్లర్ సంగతి ఇది. లిస్టింగులో రాసింది: ఇటలీ చిత్రకారుడు రాఫెల్ ‘మడోన్నా డెల్లా సెజ్జోలా’కి (కుర్చీలో మేరీ, ఒళ్ళో బాలయేసు, పక్కన బాల యోహాను) 19వ శతాబ్దపు కాపీ, ఏనుగు దంతం పలక మీద వాటర్‌కలర్, 8 సెంటీమీటర్ల గుండ్రటి బొమ్మ, పూర్తిగా చేత్తో వేసింది. వచ్చింది: ప్రింటు.

పది రెట్ల లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) పెట్టి మేరీ చెంప చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు, అన్నీ వరస తప్పకుండా చిన్న చిన్న పువ్వుల్లా పేర్చి ఉంటాయి. అది ఆఫ్‌సెట్ అచ్చు, అంటే మెషీన్ మీద కొట్టింది. కుంచెతో పెట్టిన చుక్కలు ఒకే సైజులో ఉండవు, చెంప వంపు వెంట తిరుగుతాయి. మోసం చేసినవాడు తెలివైనవాడే: ఆకుపచ్చ శాలువా చారల మీద, బాలయేసు పసుపు బట్టల మడతల మీద, కుర్చీ స్తంభం మెరుపు మీద నిజం రంగే దట్టంగా పూశాడు. లిస్టింగు ఫొటోల్లో క్లోజప్‌లన్నీ అక్కడివే! లైటు పక్క నుంచి వేస్తే ఆ చోట్లే ఉబ్బెత్తుగా కనబడతాయి, మూడు ముఖాలూ చదునుగా ఉంటాయి. శాలువా రంగు పెచ్చు లేచిన చోట కింద అవే అచ్చు చుక్కలు. ఇంకేం సాక్ష్యం కావాలి?

దంతమూ కాదు. దంతం పలకలో సన్నగీతల మధ్య ఎడం హెచ్చుతగ్గులుగా ఉంటుంది. ఇందులో స్కేలు పెట్టి గీసినట్టున్నాయి, అంటే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. ఫ్రేముకి పాత పియానో మెట్ల ముక్కలు, వెనక పాత చేతిరాత కాగితం. ఈ జోడీ కనబడితేనే అనుమానించాలి.

లూప్ ఫొటోలు పంపితే ఏమన్నాడో తెలుసా? “ఈ డబ్బుకి రాఫెలే వచ్చి వేస్తాడనుకున్నారా?” ఆహా! రాఫెల్ చేతిది ఫ్లోరెన్స్‌లో పిట్టి ప్యాలెస్ మ్యూజియంలో ఉంది, చెక్క మీద ఆయిల్, 71 సెంటీమీటర్ల వ్యాసం. దాన్నెవరడిగారు నాయనా? ఎవరో ఒకరు కుంచె పట్టుకుంటే చాలన్నాం. ఆ తర్వాత “మేం హ్యాండ్ ఫినిష్డ్ అనే రాశాం కదా” అన్నాడు, అంటే ప్రింటు మీద చేత్తో కాస్త రంగు పూసిందని. వెళ్ళి చూస్తే లిస్టింగులో ‘హ్యాండ్ పెయింటెడ్’ మాయం. ఇదేంటని అడిగితే బ్లాక్.

కొనేవాళ్ళు ముందే లిస్టింగు స్క్రీన్‌షాట్ తీసుకోండి, మేరీ కంటి కొన లూప్ ఫొటో అడగండి, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వద్దు, కార్డుతోనే కట్టండి. తడిగుడ్డతో రుద్ది రంగు వస్తుందేమో చూసే పరీక్ష మాత్రం చేయకండి, నిజం వాటర్‌కలరైతే ముఖమే చెరిగిపోతుంది. ఒకవేళ నిజం దంతమే అయితే ఇండియాకి తెప్పించుకోకండి, వన్యప్రాణి చట్టం కింద బొమ్మా పోతుంది, కేసూ అవుతుంది.