హైదరాబాదు కుటుంబం, హంపి కొండల ద్రాక్ష: ఈ వసంతంలో క్రిస్మా వైన్లు

హైదరాబాదు కేంద్రంగా మందుల తయారీ సంస్థ గ్రాన్యూల్స్ ఇండియాను నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలోని కొప్పళ జిల్లాలో, హంపి కొండలుగా వ్యవహరించే రాతి నేలలో ద్రాక్ష నాటించి, క్రిస్మా ఎస్టేట్స్ పేరుతో వైన్ చేయిస్తున్నారన్న సంగతి ఈ నగరంలో వైన్ మీద ఆసక్తి ఉన్నవారికి తెలిసిందే. ఏడు ఖండాల్లోనూ మారథాన్లు పూర్తిచేసిన జంటగా వారి పేరు విన్నవారు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. సొంత తోటలో పండిన కాయతోనే సీసా నింపడం వారు పెట్టుకున్న నియమం. మన దేశంలో పెద్ద వైనరీలు చాలావరకు ఒప్పందపు రైతుల ద్రాక్ష మీద ఆధారపడతాయి కాబట్టి ఈ నియమం ఖర్చుతో కూడుకున్నదే, అయినా దాని ఫలితం గ్లాసులో తెలుస్తుంది. ద్రాక్ష రకాల పేర్లతోనే వచ్చే వారి సావిన్యో బ్లాంక్ (వైట్), సాంజొవేసె, క్యాబర్నే సావిన్యో (రెండూ రెడ్) వైన్లు మూడింటినీ ఈ వసంతంలో మన ఇళ్లలో వండుకునే వంటలతో కలిపి రుచి చూశాను.

వసంతం అనగానే వైన్ విషయంలో మనకూ యూరపుకూ లెక్క తిరగబడుతుందని ముందుగా చెప్పాలి. అక్కడ కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగితే, దక్కనులో జనవరి చివరి నుంచి మార్చి దాకా సాగుతుంది. ఇక్కడి చలి తీగను నిద్రపుచ్చేంత గట్టిది కాదు. అందువల్ల రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపులు చేస్తారు. కోత ముగిశాక ఏప్రిల్ ప్రాంతంలో చేసే కత్తిరింపు తీగ బలం కోసమైతే, వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరులలో చేసేది కాపు కోసం. కనుక ఉగాది నాటికి కొత్త పంట రసం ఇంకా ట్యాంకుల్లోనే ఉంటుంది, దుకాణంలో దొరికే తాజా వైట్ వైన్ నిరుటి కోతది. లేబుల్ మీది సంవత్సరం నిరుటిదైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. అంతకు రెండు మూడేళ్ల ముందుదైతే, మన ఎండల్లో అది ఎక్కడెక్కడ నిలవ ఉండి వచ్చిందో ఆలోచించుకోవాలి.

ద్రాక్ష మన నగరానికి కొత్త పంట కాదు. అనాబ్-ఎ-షాహీ అనే రకానికి పేరు తెచ్చిపెట్టింది హైదరాబాదు చుట్టుపక్కల తోటలే. రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో ఫిబ్రవరి, మార్చి రోజుల్లో రకరకాల గుత్తులను చూసి, రుచి చూసి, కొనుక్కునే అవకాశం నగరవాసులకు ఇప్పటికీ ఉంది. అయితే తినడానికి పెంచే ద్రాక్ష కాయ పెద్దది, తోలు పలుచన, నీరు ఎక్కువ. వైన్ ద్రాక్ష కాయ చిన్నది, తోలు మందం, గింజలు ఎక్కువ, తీపి 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలో చక్కెర పాళ్లను తెలిపే కొలత) దాకా ఎక్కాక గాని కోయరు. రెడ్ వైన్ రంగూ వగరూ ఆ మందపాటి తోలు నుంచే వస్తాయి.

మూడింటిలో ముందు చెప్పవలసింది సావిన్యో బ్లాంక్ గురించే. దాదాపు నీళ్ల రంగులో ఉండి, అంచున మాత్రం లేత ఆకుపచ్చ మెరుస్తుంది. చల్లగా పోసినప్పుడు ముందు నిమ్మతొక్క వాసన, రెండు నిమిషాల తరువాత పచ్చి జామకాయ వాసన, గ్లాసు కొంచెం వేడెక్కాక కోసిన క్యాప్సికమ్ వాసన వరుసగా బయటపడ్డాయి. ఆ చివరి వాసన ఎక్కువైతే కాయ పూర్తిగా పండకముందే కోశారని అనుకోవాలి. ఇక్కడ అది ఉండీ లేనట్టుగా ఉండి, మంచి సమయానికి కోత జరిగిందన్న నమ్మకాన్ని కలిగించింది. పులుపు నాలుక పక్కల పట్టుకుని, గుటక వేశాక కూడా కాసేపు నిలిచింది. మామిడికాయ పులిహోరతోనూ, కారం తగ్గించి చేసిన రొయ్యల వేపుడుతోనూ ఇది చక్కగా కుదిరింది. భోజనంలోని పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. మామిడికాయ పులిహోర ముందు కూడా నిలబడిందంటే దీని ఆమ్లత ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

సాంజొవేసె ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ద్రాక్ష, కియాంతీ వైన్‌కు మూలం. రెడ్ వైన్లలో పులుపు ఎక్కువ, వగరు మధ్యస్థం కావడం దీని గుణం. అందుకే మసాలా కూరలకు క్యాబర్నే కంటే ఇదే నయమని నా అభిప్రాయం. గోంగూర మాంసంతో తాగి చూస్తే గోంగూరదే పైచేయి అయింది, అందులో ఆశ్చర్యం లేదు, ఆ ఆకు పులుపును తట్టుకునే రెడ్ వైన్ దొరకడం కష్టం. మటన్ బిర్యానీతో మాత్రం, ముఖ్యంగా వేయించిన ఉల్లిపాయ తీపి తగిలిన ముద్దతో, చాలా బాగుంది.

క్యాబర్నే సావిన్యో ఈ కుటుంబానికి ఎక్కువ పేరు తెచ్చిన వైన్. ఈ రకం సావిన్యో బ్లాంక్, క్యాబర్నే ఫ్రాంక్ రకాల సంకరమని 1997లో డీఎన్ఏ పరీక్షల ఫలితాలు వెలువడినప్పుడు తేలింది. వైట్‌లో కనిపించిన క్యాప్సికమ్ ఛాయ ఇందులోనూ పలుచగా తగలడానికి కారణం ఆ బంధుత్వమే. నల్లద్రాక్ష, దేవదారు చెక్క, కాస్త పొగాకు వాసనలు వచ్చాయి. మూత తీసిన వెంటనే తాగితే వగరు చిగుళ్లను పట్టేస్తుంది, గంటసేపు జగ్గులో పోసి ఉంచితే మెత్తబడుతుంది. ఎక్కువ కారం ఉన్న వంటతో దీన్ని తాగవద్దు. కారం, వగరు, ఆల్కహాలు మూడూ కలిసి నోటిని మండిస్తాయి. ధర తక్కువేమీ కాదు గనుక, మరో రెండేళ్లు దాచుకోగల చల్లని చోటు ఉన్నవారు కొనడం మంచిది.

ఆ చల్లని చోటే మన నగరంలో అసలు చిక్కు. తెలంగాణలో దుకాణాలకు మద్యం సరఫరా అంతా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల మీదుగానే సాగుతుంది కాబట్టి వైనరీ నుంచి మన చేతికి వచ్చేలోపు సీసా పలుచోట్ల ఆగుతుంది. ఆ తరువాత దుకాణంలో ఎలా ఉంచుతారన్నది మరో సంగతి. ఒక దుకాణంలో ఇదే సావిన్యో బ్లాంక్ పై అరలో, ట్యూబులైటు పక్కన నిలబెట్టి ఉంది. మూత మీది రేకు కింద బిరడా ఒక నూలు పైకి లేచి, సీసా మెడ మీద ఎండిన చార కనిపించింది. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి బిరడాను తోసిందనడానికి అదే గుర్తు. అక్కడ కొనకుండా, ఏసీ గదిలో సీసాలను పడుకోబెట్టి ఉంచే మరో దుకాణంలో తీసుకున్నాను, రెండింటి ధరలో తేడా లేదు. ఒక కుటుంబం ఏడాది పొడవునా పడిన శ్రమ చివరి పది అడుగుల్లో ఇలా పాడవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

కొనదలచినవారు సీసాను వెలుతురుకు ఎత్తి రంగు చూడాలి. వైట్ వైన్ గడ్డి రంగు దాటి బంగారు రంగుకు తిరిగితే వదిలేయాలి. రేకు మీద వేలితో నొక్కి బిరడా సమంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక వైట్‌ను 8 నుంచి 10 డిగ్రీల దగ్గర తాగాలి. రెడ్ వైన్‌ను గది వేడిలో ఉంచి తాగాలన్న మాట చల్లని దేశాలకు చెల్లుతుంది గాని, ఏప్రిల్ హైదరాబాదులో దాన్ని కూడా కొంతసేపు ఫ్రిజ్‌లో పెట్టి 16, 18 డిగ్రీలకు దించుకోవాలి. ఒక్క సీసాకే డబ్బు పెట్టగలిగితే, ఈ కాలానికి సావిన్యో బ్లాంక్ తీసుకోండి.