నాపరాళ్ల లారీకి ఆయిల్ పరీక్ష: సిలికాన్ గడికి దండం, మిగతావాటికి ఓ మోస్తరు మార్కులు

ఇంజన్‌లో వాడిన ఆయిల్‌ను కాస్త ల్యాబుకు పంపితే, అందులో ఏ లోహం, ఎంత మట్టి కలిసిందో చెప్పే రిపోర్టు వస్తుంది. అదే ఆయిల్ పరీక్ష. ఆ రిపోర్టులో బోలెడన్ని అంకెలుంటాయి. వాటిలో ఇసుక, దుమ్ము జాడ చెప్పే ఒక్క సిలికాన్ గడి చాలు, నేను ఇన్నాళ్లూ కట్టిన డబ్బంతా గిట్టుబాటైనట్టే. మిగతా గడుల మీద మొదట్లో ఉన్న ప్రేమ ఇప్పుడు లేదు.

నాది జమ్మలమడుగు వైపు క్వారీల నుంచి ఎర్రగుంట్ల మీదుగా నాపరాళ్లు తోలే పాత లారీ. ఆ దారుల దుమ్ము గురించి కడప జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక వేసవిలో బండి ఉన్నట్టుండి ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. లోడుతో మిట్ట ఎక్కితే పొగ, ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుమని ఆవిరి. మెకానిక్ అక్కడ అరచేయి అడ్డం పెట్టి చూశాడు. “బ్యాక్ కంప్రెషన్ వచ్చేసింది అన్నా. ఇంజన్ దించాల్సిందే. లైనర్లు, పిస్టన్లు, బేరింగులు అన్నీ ఒకేసారి మార్చేద్దాం” అన్నాడు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి, పైన మండిన గ్యాసు కిందికి జారడమే ఈ బ్యాక్ కంప్రెషన్. ఆ ఖర్చు ఒక ఎత్తు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆగని ఫైనాన్స్ కంతు ఇంకో ఎత్తు. రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నాను. కాగితం చూసి ఇంజన్ బాగు చేస్తారా అని నవ్వాడు.

వచ్చిన రిపోర్టులో సిలికాన్ 64 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 64. అంతకుముందు ఎప్పుడూ 15 దాటలేదు. ఇనుము రెట్టింపైంది, అల్యూమినియం, క్రోమియం కూడా పెరిగాయి. సీసం, రాగి మాత్రం పాత చోటే ఉన్నాయి. సోడియం లేదు, అంటే కూలెంట్ కలవలేదు. ఇనుము పిస్టన్లు ఆడే గొట్టాలైన లైనర్లది, అల్యూమినియం పిస్టన్లది, క్రోమియం రింగులది. మట్టిలోనూ కొంత అల్యూమినియం ఉంటుంది. బేరింగులు అరిగితే ముందు కదలాల్సింది సీసం, రాగి. అరుగుదల పైభాగంలోనే ఉంది, అరగదీస్తున్నది బయటి నుంచి వస్తున్న ఇసుక. ఇంజన్ విప్పి బిగించేటప్పుడు పూసే గ్యాస్కెట్ పేస్టు వల్ల కూడా సిలికాన్ పెరుగుతుంది గానీ, ఆ మధ్య ఇంజన్‌ను ఎవరూ విప్పలేదు.

ఎయిర్ ఫిల్టర్ కొత్తదే. అందుకే అటువైపు ఎవరూ చూడలేదు. ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం విప్పించాను. పైనుంచి చూస్తే నిగనిగలాడుతోంది. తిప్పి చూస్తే అడుగున, బ్రాకెట్టుకు రాసుకునే చోట, బెత్తెడు చీలిక. చేత్తో వంచితేనే నోరు తెరుస్తోంది. లోపల వేలితో తుడిస్తే ఆయిల్‌తో కలిసిన ఎర్రమట్టి పేస్టు అంటుకుంది. ఇంకో సంగతి: నాపరాయి పొడి చాలావరకు సున్నమే, కానీ ఆ కాల్షియం రిపోర్టులో విడిగా తేలదు. కొత్త డీజిల్ ఆయిల్‌లోనే ఆమ్లాలను విరిచే రసాయనాల రూపంలో కాల్షియం వేల పీపీఎంలలో కలిపి ఉంటుంది. దొంగను పట్టిచ్చింది దారి మట్టిలోని ఇసుకే.

గొట్టం, రెండు క్లాంపులు మార్చాం. తర్వాతి శాంపిల్లో సిలికాన్ 17కు దిగింది, ఇనుమూ తగ్గింది. అరిగిన రింగులు తిరిగి పెరగవు కాబట్టి ఆయిల్ తాగడం మానలేదు. కానీ అక్కడితో ఆగింది. ఇంజన్ దించకుండానే చాలాకాలం తోలాను.

చివరకు దించాల్సి వచ్చింది, అదీ రిపోర్టు శుభ్రంగా ఉన్నప్పుడే. లోడు మీద డ్రైవర్‌కు టకటక శబ్దం వినిపించింది. అదే మెకానిక్ ఒక నిమిషం చెవి ఒగ్గి “బిగ్ ఎండ్” అన్నాడు, అంటే కనెక్టింగ్ రాడ్ కింది కొసన ఉండే బేరింగు పోయిందని. అంతకు కాస్త ముందు వచ్చిన కాగితంలో సీసం ఎప్పటిలాగే ఉంది. పాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పితే మెరిసే రేకు ముక్కలు కంటికే కనిపించాయి. ఈ పరీక్ష యంత్రం పట్టేది సుమారు 5 నుంచి 8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రజనునే. పెచ్చులుగా ఊడితే దానికి అగుపించవు. ఈసారి నవ్వే హక్కు ఆయనదే, నవ్వాడు కూడా.

ఆయిల్ తాగే బండికి ఇంకో చిక్కుంది. మధ్యలో పోసే కొత్త ఆయిల్ అంకెలను పలచన చేస్తుంది. ఎన్ని లీటర్లు పోశామో రాసిపెట్టకపోతే ఇంజన్ బాగుపడినట్టే అనిపిస్తుంది. పైగా ఒక్క రిపోర్టుతో పెద్దగా ఏమీ తేలదు. నాకు పాత కాగితాలు ఉండబట్టే 64 కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఒకే బండి, దుమ్ము దారి, లెక్క రాసే ఓపిక ఉన్న డ్రైవర్ ఉన్నాడు కాబట్టి నాకు కుదిరింది. తారు రోడ్డు మీద తిరిగే కారుకైతే ఈ ఖర్చు పెట్టేవాణ్ని కాదు. ఇప్పుడు ప్రతి ఆయిల్ మార్పుకూ ఫిల్టర్ కోయిస్తున్నాను, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంజన్ కట్టాక మొదటి ఆయిల్‌ను మాత్రం పరీక్షకు పంపలేదు. కొత్త రింగులు కుదురుకునేటప్పుడు ఇనుము ఎటూ ఎక్కువే ఉంటుంది, గ్యాస్కెట్ పేస్టు పుణ్యమా అని సిలికాన్ కూడా. రెండో ఆయిల్ శాంపిల్ ఈ వారం పంపుతాను.