డీటీడీ, ఎక్స్‌ఎస్‌డీ, రిలాక్స్ ఎన్‌జీ, స్కీమాట్రాన్: నిఘంటువు మార్కప్‌కు ఏది మేలు?

పాత తెలుగు నిఘంటువును, పాఠ్యంలోని ఒక్కో భాగాన్ని పేరున్న గుర్తులతో చూపే మార్కప్ భాష ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి ఎక్కించదలచినవారు టైపింగ్ మొదలుకాకముందే ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది. ప్రతి పద్దులో ఆరోపం (అర్థం చెప్పబోయే మాట) తప్పక ఉండాలి, వ్యాకరణ భాగం ఒక్కసారికి మించి రాకూడదు, అర్థాలు ఎన్నయినా ఉండవచ్చు, ఒక్కో అర్థం కింద ప్రయోగాలు ఉన్నా లేకున్నా ఫరవాలేదు. ఇలాంటి నియమాలను కంప్యూటర్ తనిఖీ చేయగలిగేలా రాసిపెట్టుకునేదే స్కీమా. దాన్ని రాయడానికి ప్రధానంగా నాలుగు భాషలు వాడుకలో ఉన్నాయి. వాటిలో ఏది మేలన్న ప్రశ్నకు జవాబు, పత్రాన్ని తయారుచేసేది మనిషా, ప్రోగ్రామా అన్నదాన్ని బట్టి మారుతుందని నా అభిప్రాయం.

వీటిలో డీటీడీ అన్నింటికంటే పాతది. 1986 నాటి ఎస్‌జీఎమ్‌ఎల్ అనే మార్కప్ ప్రమాణం నుంచి వారసత్వంగా వచ్చి, 1998 ఫిబ్రవరిలో వెలువడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0లో భాగమైంది. దాని గుణం క్లుప్తత. ఒక పద్దు నిర్మాణాన్ని ఇంత చిన్నగా చెప్పవచ్చు (‘?’ అంటే ఉన్నా లేకున్నా సరే, ‘+’ అంటే కనీసం ఒకటి):

(ఆరోపం, వ్యాకరణం?, అర్థం+)

ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఎలిమెంట్ల (గుర్తు పెట్టిన భాగాల) పేర్లకు తెలుగు అక్షరాలు మొదటినుంచీ చెల్లుతాయి కనుక పై వరుసలోని పేర్లను ఉన్నవి ఉన్నట్టే వాడుకోవచ్చు. అయితే సంవత్సరం అనే ఎలిమెంట్‌లో 1923 అని రాసినా, ‘తెలియదు’ అని రాసినా డీటీడీకి తేడా తెలియదు, ఎందుకంటే ఎలిమెంట్ లోపలి పాఠ్యానికి డేటా రకాలు అన్న భావనే అందులో లేదు. వేర్వేరు పదజాలాల్లోని ఒకే పేర్లను వేరుచేసే నేమ్‌స్పేస్‌లనూ అది గుర్తించదు. మూడు ఎలిమెంట్లు ఏ క్రమంలోనైనా రావచ్చని చెప్పాలంటే ఆరు క్రమాలకూ చోటిచ్చేలా విప్పి రాయవలసిందే, ఎందుకంటే ఎస్‌జీఎమ్‌ఎల్‌లో ఈ పనికి ఉన్న ‘&’ గుర్తును ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు వచ్చేసరికి తీసేశారు. పైగా, డీటీడీలోని ఎంటిటీలను (పాఠ్యానికి పెట్టుకునే పొట్టి పేర్లను) ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, చిన్న ఫైలుతోనే సర్వర్ మెమరీని నింపేసే దాడులు ప్రసిద్ధమైనవి కావడంతో చాలా పార్సర్లు (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను చదివే ప్రోగ్రాములు) డీటీడీని మొదటే నిలిపివేసి ఉంచుతున్నాయి. పాత పత్రాలను కాపాడుకోవడానికి తప్ప కొత్త పనికి దీన్ని ఎంచుకోనవసరం లేదు.

2001 మేలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రకటించిన ఎక్స్‌ఎస్‌డీ ఈ లోపాల్లో చాలావాటిని తీర్చింది. తేదీ, దశాంశం, పూర్ణాంకం వంటివి కలుపుకొని 1.0లో 44 అంతర్నిర్మిత రకాలు ఉన్నాయి. ఒక రకం నుంచి మరో రకాన్ని పుట్టించవచ్చు, ఒకచోట ఇచ్చిన సూచిక మరోచోట నిజంగా ఉందో లేదో కీల ద్వారా సరిచూడవచ్చు. జావా, డాట్‌నెట్ వంటి వేదికల్లో స్కీమా నుంచి నేరుగా క్లాసులను తయారుచేసే పనిముట్లు ఉన్నాయి. కంపెనీలు కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు ఎక్స్‌బీఆర్‌ఎల్ రూపంలో సమర్పించే ఆర్థిక నివేదికల ట్యాక్సానమీకి (అంశాల వర్గీకరణకు) పునాది కూడా ఎక్స్‌ఎస్‌డీయే. ఒక ప్రోగ్రాం రాసి మరో ప్రోగ్రాం చదివే ఇలాంటి పత్రాలకు దీన్ని కాదని మరొకటి వెతకడం అనవసరం.

నిఘంటువు విషయంలో మాత్రం చిక్కులు వస్తాయి. ‘గమనిక?, ప్రయోగం*, గమనిక’ అని రాస్తే, అంటే మొదటి గమనిక, ప్రయోగాలు ఐచ్ఛికం, చివరి గమనిక తప్పనిసరి అని చెబితే, ఎక్స్‌ఎస్‌డీ ఆ స్కీమానే తిరస్కరిస్తుంది. పార్సర్‌కు ఎదురైన మొదటి గమనిక ఈ రెండింటిలో ఏదో, ముందుకు చూడకుండా తేలాలన్నది దాని నియమం. మనిషి ఏ ఇబ్బందీ లేకుండా అర్థం చేసుకునే ఈ నిర్మాణాన్ని కేవలం పార్సర్ సౌకర్యం కోసం తిప్పి రాయవలసి రావడం నాకు సమ్మతం కాదు. క్రమం లేకుండా రాగల ఎలిమెంట్ల సమూహం 1.0లో ఉంది కానీ, అందులో ఏదీ ఒక్కసారికి మించి రాకూడదు కాబట్టి ఇద్దరు సంపాదకులున్న గ్రంథ వివరానికి అది పనికిరాదు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 1.1 దీన్ని సడలించింది, షరతులనూ చేర్చింది, కానీ డాట్‌నెట్‌లోని అంతర్నిర్మిత వాలిడేటర్ ఇప్పటికీ 1.0 దగ్గరే ఉంది.

తెలుగు పాఠ్యంతో పనిచేసేవారు డేటా రకాల గురించి ఇంకొంత జాగ్రత్త పడాలి. పూర్ణాంకం రకం 0 నుంచి 9 వరకు ఉన్న అంకెలనే ఒప్పుకుంటుంది, ‘౧౯౨౩’ అని మూలంలో ఉన్నట్టే ఎక్కిస్తే తప్పని చెబుతుంది. విచిత్రమేమంటే, అదే ప్రమాణంలోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (పాఠ్య నమూనాల్లో) అంకెను సూచించే సంకేతం యూనికోడ్‌లోని దశాంశ అంకెలన్నింటికీ వర్తిస్తుంది. అందువల్ల సంవత్సరాన్ని పూర్ణాంకంగా కాక, నాలుగు అంకెల నమూనా ఉన్న స్ట్రింగ్‌గా నిర్వచిస్తే తెలుగు అంకెలు కూడా చెల్లుతాయి. పొడవు పరిమితి లెక్కించేది మన అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం, స్కీమాకు ఆరు. పదం పొడవుకు పరిమితి పెట్టేవారు ఇది మరిస్తే సరైన పద్దులే తిరస్కరణకు గురవుతాయి.

జేమ్స్ క్లార్క్ రూపొందించిన ట్రెక్స్‌నూ, మురాటా మకోటో రూపొందించిన రిలాక్స్‌నూ (రెండూ స్కీమా భాషలే) కలపగా వచ్చిన రిలాక్స్ ఎన్‌జీని ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ 2001 డిసెంబర్‌లో ప్రకటించింది, 2003లో అది ఐఎస్‌వో/ఐఈసీ 19757-2 ప్రమాణమైంది. పైన చెప్పిన గమనికల నిర్మాణాన్ని ఇది ఉన్నది ఉన్నట్టుగా స్వీకరిస్తుంది. ‘శీర్షిక & సంపాదకుడు+ & సంవత్సరం?’ అని రాస్తే ఏ క్రమంలో వచ్చినా, సంపాదకులు ఎందరున్నా సరే. నిఘంటువుకు అంతకన్నా విలువైన గుణం మరొకటి ఉంది: ఇందులో యాట్రిబ్యూట్లకూ (ఎలిమెంట్‌కు తగిలించే లక్షణాలకూ) ఎలిమెంట్లకూ ఒకే హోదా ఉండటం. పద్దు రకం ‘క్రియ’ అయితే ధాతువు తప్పనిసరి, ‘నామవాచకం’ అయితే లింగం తప్పనిసరి అన్న నియమాన్ని రెండు ప్రత్యామ్నాయాలుగా రాసేయవచ్చు. డీటీడీలో గానీ ఎక్స్‌ఎస్‌డీ 1.0లో గానీ ఈ మాట చెప్పడానికి దారి లేదు. దీని సంక్షిప్త లిపిలో స్కీమా ఒకటి రెండు పేజీల్లో ఇముడుతుంది, ప్రోగ్రామింగ్ తెలియని భాషా పండితుడు కూడా పక్కన కూర్చుని చదివి, ‘అవ్యయానికి ఈ నియమం కుదరదు’ అని చెప్పగలడు. డాక్‌బుక్ 5, ఓపెన్‌డాక్యుమెంట్ వంటి పత్ర రూపాలు దీన్నే నమ్ముకోవడం ఊరికే జరగలేదు.

లోటుపాట్లు దీనికీ ఉన్నాయి. సొంత డేటా రకాలు దాదాపు లేవు, ఎక్స్‌ఎస్‌డీ రకాలనే అరువు తెచ్చుకుంటుంది, వాటితోపాటు తెలుగు అంకెల సమస్యా వస్తుంది. ఎక్స్‌ఎస్‌డీలో ఉన్నట్టు కీలు లేవు. క్లాసులు తయారుచేసే పనిముట్ల మద్దతు పలుచన.

ఆ కీల లోటును స్కీమాట్రాన్ పూడుస్తుంది. రిక్ జెలిఫ్ 1999లో మొదలుపెట్టిన ఈ భాష వ్యాకరణం రాయదు, పత్రంలోని భాగాలను వెతికే ఎక్స్‌పాత్‌తో నిర్దిష్టమైన షరతులు పెడుతుంది, అవి తప్పితే మనం రాసిన సందేశాన్ని చూపిస్తుంది. ఆ సందేశం తెలుగులో ఉండవచ్చు. ‘అనుమతించని ఎలిమెంట్’ అనే పొడి ఫిర్యాదుకు బదులు, ‘చూడుము అని సూచించిన పదం ఈ నిఘంటువులో ఆరోపంగా లేదు, వర్ణక్రమం సరిచూడండి’ అని టైపు చేస్తున్న వ్యక్తికి కనిపిస్తే, అతను సాంకేతిక సిబ్బంది కోసం ఎదురుచూడకుండా తానే దిద్దుకుంటాడు. పని వేగం నిజంగా పెరిగేది ఇక్కడే. కానీ స్కీమాట్రాన్ అడగనిదేదీ పట్టించుకోదు, తెలియని ఎలిమెంట్ వచ్చినా వదిలేస్తుంది, కాబట్టి ఒంటరిగా చాలదు. యూరప్ ఇ-ఇన్‌వాయిస్ ప్రమాణం ఈఎన్ 16931 అమలులోనూ ఇదే పద్ధతి: యూబీఎల్ అనే ఇన్‌వాయిస్ ఎక్స్‌ఎమ్‌ఎల్ నిర్మాణాన్ని ఎక్స్‌ఎస్‌డీ చూస్తే, వ్యాపార నియమాలను స్కీమాట్రాన్ చూస్తుంది.

నిఘంటువుకూ, ప్రాచీన కావ్య పాఠాల పరిష్కరణకూ, మనుషులు కూర్చుని గుర్తులు పెట్టే ఏ పనికైనా రిలాక్స్ ఎన్‌జీని నిర్మాణానికి, స్కీమాట్రాన్‌ను మిగతా నియమాలకు తీసుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం. రేపు ఏదైనా సంస్థ ఎక్స్‌ఎస్‌డీయే కావాలని పట్టుబట్టినా ఈ ఎంపిక అడ్డం రాదు. క్లార్క్ రాసిన ట్రాంగ్ అనే ఉపకరణం రిలాక్స్ ఎన్‌జీ నుంచి ఎక్స్‌ఎస్‌డీని తయారుచేస్తుంది. ఎక్స్‌ఎస్‌డీలో చెప్పలేని నియమాలను అది సడలించి రాస్తుంది కనుక, అసలు తనిఖీని మాత్రం రిలాక్స్ ఎన్‌జీతోనే కొనసాగించాలి. ఎక్స్‌ఎస్‌డీని ఇచ్చి రిలాక్స్ ఎన్‌జీ కావాలంటే ట్రాంగ్ ఆ పని చేయదు.